మేనమామ హోదాలో

నా ఉద్యోగం ఏటో మా అమ్మకి ఇప్పటికీ తెలీదు. "మా హేమ కంప్యూటర్లో తాళాలేస్తాదంట" అని వీధిలో చెప్తాది. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత మానేశాను, ఎందుకంటే ఆలోచిస్తే అంతకంటే బాగా నేనూ చెప్పలేను. ఎవరి ఫైలు ఎవరు చూడొచ్చు, ఎంతవరకు చూడొచ్చు, ఎవరు అస్సలు చూడకూడదు, ఆ రూల్స్ రాసేది నేను. మా మేనేజరు ఫ్రాన్సిస్ గారు "తాళాలమ్మా" అనే పిలుస్తారు. ముసలాయన కాబట్టి ఊరుకున్నాను.

ఆఫీసు ద్వారకా నగర్లో. కింద రెండంతస్తులూ కోచింగ్ సెంటరు, పైన మేం. ఊళ్లో ఆసుపత్రులు, ల్యాబులు ఎవరి ఫైళ్లు వాళ్ల దగ్గరే పెట్టుకుంటాయి, ఎవరూ ఎవరికీ ఇవ్వరు. మేం వాటి మధ్య దారం కడతాం. మామూలు నెట్‌లో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్తాం, అంతే. మా దాంట్లో మనిషికి మనిషి ఏమవుతాడో కూడా యంత్రానికి తెలుస్తాది. ఒక ఆసుపత్రిలో ఫలానా అమ్మాయికి తల్లి ఫలానా అని ఉందనుకోండి. ఇంకో ల్యాబులో ఆ తల్లికి తమ్ముడు ఫలానా అని ఉందనుకోండి. ఆ తమ్ముడు ఈ అమ్మాయికి మేనమామ అని ఎవరూ ఎక్కడా రాయక్కర్లేదు, అదే తేల్చుకుంటాది. సెమాంటిక్ వెబ్ అని పెద్ద పేరు. పెళ్లి సంబంధాలు చూసే ముసలమ్మలు ఎప్పట్నుంచో చేస్తున్న పనే ఇది, కాకపోతే వాళ్లకి కరెంటు అక్కర్లేదు.

ఈ చుట్టరికాల పట్టీ మాకు బయటి దేశం నుంచి తయారుగా వచ్చింది. అందులో మేనమామకీ, పిన్ని మొగుడికీ, నాన్న తమ్ముడికీ అందరికీ కలిపి ఒకే మాట. నాకు ఒళ్లు మండిపోయింది. "మేనమామా, పిన్ని మొగుడూ ఒకటేనా అండీ? ఒకడిది మన రక్తం, ఇంకొకడు పెళ్లికొచ్చినోడు" అని ఫ్రాన్సిస్ గారితో రెండు వారాలు తగువేసుకున్నాను. ఆయన చివరికి విసుగెత్తి "నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో తల్లీ" అన్నారు. రాశాను. మేనమామని విడిగా పెట్టి, రక్తసంబంధం అని గుర్తు కొట్టాను. ఆ రోజు నా అంత తెలివైంది విశాఖపట్నంలో లేదనుకున్నాను.

ఆ తర్వాత రూల్స్. మా వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఇళ్లకి ఇళ్లనే పట్టుకుంటాది. ఒకరికి చేసిన రక్తపరీక్ష ఇంకొకరికి పనికొస్తాది. కాబట్టి రక్తసంబంధీకులు ఒకరి పరీక్షలు ఒకరు చూడొచ్చు, ఇది మొదటి రూలు. భార్య ఫైలు భర్త, భర్త ఫైలు భార్య అడక్కుండా చూడకూడదు, ఇది రెండోది. దీనికోసం కూడా పోట్లాడాను. ఆడదాని ఫైల్లో ఏముందో మొగుడికెందుకు? ఇంక మూడోది. రెండు రూల్స్ ఒకదానికొకటి అడ్డం పడితే, తెరవమనే రూలే గెలుస్తాది. చావుబతుకుల్లో ఉన్న మనిషి ఫైలు ముందు డాక్టరు తాళంచెవి కోసం వెతుక్కోకూడదని అలా పెట్టాను.

మూడూ మంచి రూల్సే. పరీక్ష కోసం ఓ ముప్ఫై ఉత్తుత్తి కుటుంబాలు తయారుచేసి నడిపి చూశాను. అన్నింట్లోనూ మొగుడు ఒక ఇంటివాడు, పెళ్లాం ఇంకో ఇంటిది. ఒక్క తప్పూ రాలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. కనకరత్నం మా అప్ప. మా వైపు అక్కని అప్ప అనే అంటాం. అప్పని ఇచ్చింది మా అమ్మ సొంత తమ్ముడు అర్జునరావుకే. చిన్నప్పుడు నన్ను భుజాల మీద మోసిన మావయ్య. మేనరికం మా ఇంట్లోనే ఉంది, మా పక్కింట్లో ఉంది, మా వీధిలో సగం ఇళ్లలో ఉంది. ఆ పట్టీ రాసిన తెల్లోళ్లకి తెలీదంటే సరే. నాకేం రోగం? మొగుడే మేనమామ అయితే ఏమవుతాదని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు. మీరు తిట్టుకోండి. నేను తిట్టుకోవాల్సిన తిట్లన్నీ అయిపోయాయి.

మావయ్య స్టీలు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేన్ నడిపేవాడు. కూర్మన్నపాలెంలో ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలు. మొన్నటి ఏడాది కాదు, అంతకుముందు ఏడాది, ఆయన కిడ్నీలు రెండూ పోయాయని తేలింది. వారానికి రెండు రోజులు, సోమవారం, గురువారం, డయాలసిస్. ఎవరైనా కిడ్నీ ఇస్తే మంచిదన్నారు. మా అమ్మ గురువమ్మ ముందు పరిగెత్తింది, నా తమ్ముడు నాను ఇత్తాను అని. షుగరుంది, పనికిరావు పొమ్మన్నారు. నాది రక్తం కలవలేదు. అప్పది కలిసింది. అన్నీ కలిశాయి.

కిడ్నీ ఇచ్చేవాళ్లని ఆసుపత్రిలో విడిగా ఒక గదిలో కూచోబెట్టి అడుగుతారు, మీకు మనస్ఫూర్తిగా ఇష్టమేనా అని. ఇష్టం లేదంటే ఆ మాట గది దాటదు. ఇంట్లోవాళ్లకి "సరిపోలేదు" అని చెప్తారు. ఇంటికెళ్లి ఎవరూ చీవాట్లు తినకూడదని. మంచి పద్ధతి. అప్ప ఆ గదిలోంచి సరాసరి సీతమ్మధారలో నా రూముకొచ్చింది. మంచం మీద కూచుని చెప్పులు కూడా విప్పలేదు.

"వద్దన్నానే" అంది.

మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చాను.

"బయమేసింది. పిల్లల కోసమనీ, ఒంట్లో ఓపిక లేదనీ ఏదో సెప్దామనుకున్నాను. ఆవిడ అడిగేసరికి బయమని సెప్పేసాను. కోత్తారు గదే."

"భయమైతే భయమనే చెప్పాలి. తప్పేటుంది?"

"మీ మావకి తెలిస్తే?"

"తెలీదు" అన్నాను. "నీ ఫైలు మొగుడు చూడకూడదు. ఆ రూలు రాసింది నేనే."

అప్పుడు అప్ప చెప్పులు విప్పింది. ఆ సాయంత్రం నా దగ్గరే అన్నం తిని వెళ్లింది. సరిపోలేదన్న కబురు విని అమ్మ రెండు రోజులు ఏడ్చింది. మావయ్య "పోనీలే అప్పా, ఊళ్లో ఎంతమంది లేరు ఆ మిషను మీద" అన్నాడంట. ఆయనకి మా అమ్మ అప్ప.

నాలుగు నెలలు అలాగే గడిచాయి.

రోజూ మధ్యాహ్నం మూడింటికి నా దగ్గరికి ఒక జాబితా వస్తాది. ఆ రోజు ఎవరు ఎవరి ఫైలు తెరిచారు, ఏ చుట్టరికం మీద తెరిచారు. కొత్తగా తెరిచినవాళ్ల పేర్లు మాత్రం వస్తాయి. నేను చూసి "పంపు" నొక్కితే, ఫైలు ఎవరిదో వాళ్ల ఫోనుకి మెసేజి వెళ్తాది, మీ ఫైలును ఫలానావారు చూశారు అని. చూడటానికి ఎంతమందికి హక్కున్నా సరే, ఎవరు చూశారో తెలుసుకునే హక్కు ఫైలు గలవాళ్లది. ఇది మేం ప్రతివాళ్లకీ ఇచ్చే మాట. అనుమానంగా ఉంటే "ఆపు" నొక్కి విచారించాలి. నేను ఎప్పుడూ పెద్దగా చదివేదాన్ని కాదు. టీ తాగుతూ పంపు, పంపు, పంపు.

ఒక గురువారం ఏడో వరుసలో ఇలా ఉంది. చూసినవారు, బి. అర్జునరావు. ఫైలు, బి. కనకరత్నం, రక్తపరీక్షలు. హోదా, మేనమామ. ఉదయం పదకొండు నలభై.

టీ గ్లాసు కింద పెట్టాను. భర్త అన్న తలుపు మూసే ఉంది. నేను మూసిన తలుపే. పక్కన మేనమామ అని ఇంకో తలుపు, అదీ నేనే పెట్టింది, బార్లా తెరిచి ఉంది. అమ్మ కిడ్నీ ఇస్తానని వెళ్లినప్పుడు రోగికి ఏమవుతారని అడిగితే అక్క అని రాసింది. అప్ప ఫైల్లో తల్లి పేరు గురువమ్మ. యంత్రం రెండూ కలిపింది. రెండు రూల్స్ అడ్డం పడ్డాయి, తెరవమన్నది గెలిచింది. అంతా సక్రమంగా జరిగింది. ఓలమ్మో అని గట్టిగా అరవాలనిపించింది. "ఆపు" నొక్కి, బ్యాగు తీసుకుని, తలనొప్పి అని ఫ్రాన్సిస్ గారికి చెప్పి ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కాను.

మావయ్య కూర్మన్నపాలెం జంక్షన్లో టీ కొట్టు దగ్గరున్నాడు. డయాలసిస్ నుంచి వచ్చేటప్పుడు అక్కడ దిగి సగం గ్లాసు టీ తాగుతాడు. నీళ్లు కొలిచి తాగాలి కాబట్టి సగమే. టీ కొట్టతను "మళ్లీ సగమేనా బావా" అంటాడు, ఈయన "మిగతా సగం నీ పేరు మీద రాసుకో బావా" అంటాడు. ప్రతిసారీ అదే మాట. చేతిలో కూరగాయల సంచి ఉంది.

"ఏటే, పనెగ్గొట్టొచ్చావా?" అన్నాడు నన్ను చూసి.

"మావయ్యా, పొద్దుట ఫోన్లో ఏటి చూసావు?"

ఆయన గ్లాసులోకి చూశాడు. తర్వాత బల్ల మీద జరిగి నాకు చోటిచ్చాడు.

"నిన్న మీ అప్ప కళ్లు తిరిగి పడిపోయిందే, పెరట్లో. అడిగితే ఏం లేదంటాది. మొన్న సేయించిన పరీచ్చలో రక్తం ఎంతుందో సూద్దామని తెరిసాను. మంచం మీద నాలుగ్గంటలు ఏం సేత్తాను మరి. తొమ్మిదే ఉంది. బీట్‌రూట్ కొన్నాను, ఇదుగో" అని సంచి చూపించాడు. "దాని కింద ఇంకోటుంది. సరిపోయింది అని."

నేను నేల చూస్తున్నాను.

"మొదట అర్తం కాలేదు. నా పేరు కూడా ఉంది పక్కన. రెండుసార్లు సదివాను. అప్పుడు అర్తమయింది."

"మావయ్యా, అప్ప..."

"దాన్ని ఏం అనకు" అన్నాడు గబుక్కున. "నాను సంజాయిషీ అడిగానేటి నిన్ను? దానికి బయం. సూది మందంటేనే కళ్లు మూసుకుంటాది. పెళ్లయిన కొత్తలో బొబ్బ పొక్కితే ఊరంతా వినిపించేలా అరిసింది." నవ్వబోయాడు, సగంలో ఆగిపోయాడు. "నాను సూసినట్టు దానికి తెలుత్తాదేటి?"

"మెసేజి వెళ్తాది. ఇంకా పంపలేదు. పంపాలి."

"పంపకు."

"అలా కుదరదు మావయ్యా. అది దాని హక్కు. ఎవరు చూశారో తెలియాలి."

"హేమా." పేరు పెట్టి పిలిస్తే మావయ్య సీరియస్‌గా ఉన్నట్టు. "అది తెలిత్తే ఇచ్చేత్తాదే. ఏడుసుకుంటా ఎల్లి పడుకుంటాది. బలవంతంగా కోయించుకుని, రేపు దానికేటైనా అయితే ఆ పిల్లల మొకం నానెలా సూడాలి? నాకు తెలీదనే దాని దైర్యం. అది తీసెయ్యకు. నీకు దణ్ణం."

చేతులు జోడించాడు. ఎడం చెయ్యి మీద సూదులు గుచ్చి గుచ్చి నరం తాడులా ఉబ్బిపోయి ఉంది. మా మావయ్య నాకు దణ్ణం పెట్టడం నేనెప్పుడూ చూళ్లేదు. నాకు ఏడుపు రావాల్సింది. బదులు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలీని కోపం. "సరే, పంపన్లే. చేతులు దించు" అని కసిరాను.

"బయపడే హక్కు కూడా ఉంటాదేటే మీ రూల్సులో?" అన్నాడు లేచేటప్పుడు.

"ఉంటాది."

"అయితే మంచి రూల్సే" అన్నాడు. సంచి పట్టుకుని ఇంటివైపు నడిచాడు. నేను అప్పని కలవకుండానే తిరుగు బస్సెక్కాను.

మర్నాడు మూడో రూలు మార్చాను. భార్యాభర్తల విషయంలో మూసేదే గెలవాలి, ఇంకే చుట్టరికమున్నా సరే. అలాంటి మేనరికం జంటలు ఎన్నున్నాయో లెక్క తీస్తే నలభై ఒకటి. అన్నింటికీ ఆ తలుపు ఇన్నాళ్లూ తెరిచే ఉంది. తెరిచి చూసింది ఒక్కరే. తప్పు నాదేనని కాగితం రాసి ఫ్రాన్సిస్ గారికిచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు.

"మా ఇంట్లోనూ ఉంది మేనరికం" అన్నారు. "నాకూ తట్టలేదు చూడు." సంతకం చేసి అడిగారు, "ఆ చూసిన ఒక్కరి విషయం, ఫైలు గలావిడకి తెలియజేశావా?"

"ఆఁ" అన్నాను.

ఆ అబద్ధం చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు. నా సీటుకొచ్చి కూచున్నాను. ఆపిన మెసేజిల్లో అది ఒక్కటే మిగిలింది, పంపలేదు, తీసెయ్యలేదు. ఆ తర్వాత నాకు పెద్దగా ఏం అనిపించలేదు. ఆదివారాలు కూర్మన్నపాలెం వెళ్లేదాన్ని. అప్ప చేపలు వండేది. మావయ్యకి ఒక్క ముక్క, పులుసు లేకుండా. ఆయన ఆమెకి రెండు ముక్కలు వేసేవాడు, "తిను, రక్తం పడతాది" అని. ఇద్దరూ నా ముందు నవ్వుతూనే ఉండేవారు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. ఆమెకి తెలీదని నాకు తెలుసు. మధ్యలో కూచుని అన్నం కలుపుకునేదాన్ని. రుచి తెలిసేది కాదు. ఏదీ తెలిసేది కాదు, పళ్లడాక్టరు ఇంజెక్షను ఇచ్చాక చెంప ఉంటాది చూడండి, అలాగ.

ఒక ఆదివారం పెరట్లో గిన్నెలు తోముతూ అప్ప అడిగింది.

"హేమా, నా పరీచ్చ కాగితాలు ఇంకా ఉంటాయేటే అక్కడ?"

"ఉంటాయి. ఎక్కడికీ పోవు."

"సరిపోయిందన్నది కూడా?"

ఏదో పసిగట్టిందనుకున్నాను. "ఉంటాది గానీ ఎవరికీ కనపడదు అప్పా. ఇప్పుడు ఇంకా గట్టిగా తాళం వేశాను. ఆ ఊసెత్తకు, మర్చిపో. నీ జోలికి ఎవరూ రారు."

"ఊఁ" అంది. గిన్నె కడిగి బోర్లించింది. మళ్లీ ఏం అడగలేదు. నేను కూడా తువ్వాలుతో చేతులు తుడుచుకుని, గండం గడిచిందనుకుని లోపలికెళ్లిపోయాను.

మావయ్య ఫిబ్రవరిలో పోయాడు. ఇన్ఫెక్షను. మూడు రోజుల జ్వరం, నాలుగో రోజు లేడు. అమ్మ నేల మీద పడి కొట్టుకుంది. అప్ప గోడకి చేరబడి కూచుంది, వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇమ్మని పిల్లలకి చెప్తా ఉంది. నేను అంబులెన్సువాళ్లతో, పంతులుతో, షామియానావాడితో మాట్లాడాను. పెద్దకార్యం అయ్యేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. ఏడవడానికి తీరిక లేదని అందరితో చెప్పాను. తీరిక ఉంది. ఏడుపే లేదు.

పన్నెండో రోజు ఆఫీసుకెళ్తే నా స్క్రీను మీద ఒక వరుస నిలబడి ఉంది. మరణం నమోదైతే ఆ దారం మా దాకా వస్తాది. పోయిన మనిషి ఫైలు మొత్తం భార్యకి చెందుతాది. ఈ రూలు నాది కాదు, చట్టం చూసేవాళ్లు రాసింది. మొత్తం అంటే మొత్తం. ఆయన పరీక్షలు, ఆయన మందులు, ఆయన ఎప్పుడెప్పుడు ఎవరి ఫైలు తెరిచాడో ఆ పట్టీ. కనకరత్నానికి తెరవాలా అని అడుగుతోంది. పక్కనే ఇంకో మాట, ఏవైనా వరుసలు దాచాలా.

దాచొచ్చు. ఒక్క వరుస. ఒక్క క్లిక్కు. ఎవరూ అడగరు.

ఎంతసేపు కూచున్నానో గుర్తులేదు. కింద కోచింగ్ సెంటర్లో పిల్లలు ఏదో ఫార్ములా అందరూ కలిసి చదువుతున్నారు. అప్పకి ఏం తెలియాలో, ఏం తెలియకూడదో పోయిన ఏడాది నేనే తేల్చాను. మావయ్య దణ్ణం పెట్టాడు కాబట్టి తేల్చాను. ఇప్పుడు దణ్ణం పెట్టే మనిషి లేడు. మళ్లీ తేల్చడానికి నాకు చెయ్యి రాలేదు. అది నిజాయితీ అని నేను చెప్పను. ఓపిక లేదు, అంతే. దేన్నీ దాచకుండా "తెరువు" నొక్కాను.

ఆరు రోజుల తర్వాత అప్ప ఆఫీసుకొచ్చింది. ఎప్పుడూ రాలేదు అంతకుముందు. లోపలికి రమ్మంటే రానంది. మెట్ల మలుపు దగ్గర కిటికీ ఉంది, అక్కడ మెట్టు మీద కూచుంది. నేనూ కూచున్నాను. పుస్తకాల సంచులేసుకున్న పిల్లలు మమ్మల్ని తప్పించుకుంటూ ఎక్కుతున్నారు, దిగుతున్నారు.

"ఎందుకు పోయాడో సదువుకుందామని తెరిసానే" అంది. "జొరానికి ఏం మందులిచ్చారో, ఏటో. పెద్దదాన్ని పక్కన కూసోబెట్టుకుని సదివించాను. అది సదువుతా సదువుతా ఆగిపోయింది. అమ్మా, నాన్న నీ ఫైలు తెరిసాడు అంది." ఫోను నా ఒళ్లో పెట్టింది. "మేనమామ అని రాసుంది. మొగుడని కూడా కాదు."

తేదీ, సమయం, అన్నీ ఉన్నాయి. నేను చదవక్కర్లేదు.

"పదమూడు నెల్లు" అంది. "పదమూడు నెల్లు ఆ మనిసికి తెల్సు. నా పక్కన పడుకున్నాడు. నాకు ముక్కలేసి తిను తిను అన్నాడు. ఒక్కనాడు, ఒక్క మాట..." ఆగింది. "నీకు తెల్సా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు నుంచే. నీకు మెసేజి రావాలి. నేనే ఆపాను. మావయ్య ఆపమన్నాడు."

అప్ప నన్ను కొడతాదనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. అప్ప కిటికీలోంచి బస్సుల వైపు చూస్తా ఉంది.

"ఎందుకాపావే?"

"తెలిస్తే నువ్వు ఇచ్చేస్తావని."

"ఇచ్చేద్దును."

"అందుకే అప్పా. భయపడుతూ, సిగ్గుపడుతూ ఇచ్చేదానివి. నీకు ఇష్టం లేదు కదా. ఇష్టం లేదని నువ్వే చెప్పావు కదా నాకు, నా మంచం మీద కూచుని."

"ఆ రోజు లేదు" అంది.

నాకు అర్థం కాలేదు. అప్ప నెమ్మదిగా చెప్పింది, చిన్నపిల్లకి చెప్పినట్టు.

"ఆ రోజు బయమేసింది. నెల తిరిగేసరికి బయం పోయింది. ఆ సూదులు, ఆ సెయ్యి రోజూ సూత్తా ఉంటే నా బయం నాకే అసయ్యమేసింది. ఇచ్చేద్దామనుకున్నాను. కానీ ఎలా సెప్పాలే? సరిపోలేదని అందరికీ సెప్పేసారు. ఇప్పుడు సరిపోయిందంటే, అప్పుడు అబద్దమాడించానని తెలిసిపోతాది. ఆ మనిసి మొకం సూడలేను. ఆయనకి ఎలాగోలా తెలిసిపోతే బాగుండు, నాను సెప్పకుండా తెలిసిపోతే బాగుండు, ఒకసారి తిట్టి అడిగితే బాగుండు అని ప్రతి పూటా అనుకున్నాను." చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తెలిసిపోయిందంట. సిత్రం సూడు."

మెట్ల మీద ఎవరో పిల్ల "ఆంటీ, ప్లీజ్" అంది. ఇద్దరం పక్కకి జరిగాం.

"ఆ గదిలో ఒకసారి అడిగారు, నాను ఒకసారి వద్దన్నాను" అంది అప్ప. "రెండోసారి నన్నెవరూ అడగలేదే."

లేచి నిలబడింది. పిల్లలు ఇంటికొచ్చే వేళయిందంది. మెట్లు దిగుతుంటే నేను వెనకాల వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి లాక్కోలేదు, పట్టుకోనూ లేదు. కాంప్లెక్సు దాకా అలాగే నడిచాం. కూర్మన్నపాలెం బస్సులో సీటు దొరికింది. కిటికీ పక్కన కూచుంది. నేను కింద నిలబడి "అప్పా" అన్నాను. ఆమె నావైపు తిరిగి, నువ్వు తిన్నావా అని అడిగింది.

"తిన్నాను" అన్నాను. తినలేదు.